బెంచీ మీద చిన్నది

మందుల షాపు, వెనక గది
సోమవారం మధ్యాహ్నం

వదినగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. మీరూ మీ విజిలూ క్షేమమని తలుస్తాను.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో మీకు తెలుసు. పోయినసారి మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటుంటే మీ తమ్ముడు మధ్యలో దూరి, ఇద్దరికీ సర్దిచెప్పబోయి, ఇద్దరి చేతా తిట్లు తిన్నారు. "ఇకమీదట మీ ఆటల గొడవ ఏదైనా ఉత్తరాల్లోనే. పోస్టులో పడి చేరేసరికి సగం కోపం చల్లారుతుంది" అని తీర్మానం చేశారు. ఆయన సిద్ధాంతం తప్పని ఈ ఉత్తరంతో రుజువు చేస్తాను.

శనివారం ఆయనా నేనూ మీ మ్యాచ్‌కి వచ్చాం. మా చెల్లెలు మీరు కోచ్‌గా ఉన్న కరెంటు ఆఫీసు ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టులో ఉందని మూడేళ్ళుగా చుట్టాలందరికీ చెప్పుకు తిరుగుతున్నాను. ఉంది, అబద్ధమేం కాదు. బెంచీ మీద ఉంది. ఐదుగురు ఆడుతుంటే ఆరోది మీ పక్కన కూర్చుని, తువ్వాళ్ళు మడతపెడుతూ, మీ చెవిలో ఏదో గొణుగుతూ ఉంది. జట్టులో దానికి "స్టెప్నీ" అని ముద్దుపేరట. అందులో ముద్దు ఎక్కడుందో నేను వెతికాను, దొరకలేదు.

మా ముందు వరసలో మెడలో కార్డులు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. అన్ని జట్ల నుంచీ మనుషుల్ని ఏరి పెద్ద జట్టు కట్టే సెలెక్టర్లు వాళ్ళేనట. మొదటి క్వార్టర్ కళ్ళార్పకుండా చూశారు, రాసుకున్నారు, గంట మోగగానే లేచి టీకి వెళ్ళారు. సరిగ్గా అప్పుడు మీరు మా చెల్లిని దింపారు. అది పది నిమిషాల్లో అవతలి జట్టుని ఉతికి ఆరేసింది. హాలంతా లేచి నిలబడింది, ఆ రెండు కుర్చీలు తప్ప. ఆ పెద్దమనుషులు మళ్ళీ రాలేదు. పక్కనున్నాయన్ని అడిగితే, "ప్రతిసారీ ఇదే వరసమ్మా. మొదటి ఐదుగురిని చూస్తే చాలంటారు, మెతుకు పట్టి చూసినట్టు" అన్నాడు.

చిన్నదానికి వచ్చే ఏడు ఇరవై ఎనిమిది. ఇరవై ఏడు దాటినవాళ్ళని పెద్ద జట్టులోకి కొత్తగా తీసుకోరని మీరే ఒకసారి అన్నారు. అంటే దానికి మిగిలింది ఈ సీజనొక్కటే. ఈ సీజనంతా అది సెలెక్టర్ల టీ వేళకి ఆడుతోంది.

కాబట్టి దాన్ని మొదటి ఐదుగురిలో దింపండి. చుట్టరికం చూసి చెయ్యక్కర్లేదు. కళ్ళుంటే చాలు.

ఇట్లు,
మీ మరదలు


కరెంటు ఆఫీసు, బిల్లుల సెక్షన్
శుక్రవారం

మరదలికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇన్నేళ్ళు ఈ ఆట ఆడి, ఆడించి నేను నేర్చుకోలేకపోయింది నువ్వు ఒక్క సాయంత్రం గ్యాలరీలో కూర్చుని నేర్చేసుకున్నావు. సంతోషం. వచ్చే వారం నేను మీ షాపుకి వచ్చి ఓ గంట నిలబడి, దగ్గు మందు ఏ అరలో పెట్టాలో నీకు చెప్తాను. అది కూడా అదే చేత్తో నేర్చుకో.

ఆరో మనిషంటే మిగిలిపోయిన మనిషని ఎవరు చెప్పారు నీకు? మొదటి క్వార్టర్లో అవతలివాళ్ళు దమ్ము మీద ఉంటారు. ఎవరు దిగినా వాళ్ళతో సరిసమానంగా లాగడమే పని. రెండో క్వార్టర్‌కి వాళ్ళకి ఆయాసం మొదలవుతుంది, అప్పుడు మీ చిన్నది తాజాగా దిగుతుంది. ఏ జట్టుకైనా మొదటి ఐదుగురు దొరుకుతారు. ఆరోది దొరకదు. నాకు దొరికింది. లీగులో మొదటి స్థానంలో ఉన్నాం. నువ్వు ఉతికి ఆరేసింది అన్నావే, బట్టలు నానబెట్టినవాళ్ళు ఐదుగురున్నారని కూడా రాయాల్సింది.

ఇక ఎవర్ని తీసి దాన్ని వెయ్యను? మా కెప్టెన్నా? కౌంటర్లో ఆవిడ కూర్చునే తీరు చూసి దొరసాని అని పేరు పెట్టారు. పదకొండేళ్ళుగా ఈ జట్టుని మోస్తోంది. రెండు మోకాళ్ళూ పోయాయి. ఆటకి ముందు అరగంట కాపడం పెట్టుకుని, వేడి మీద దిగి మొదటి క్వార్టర్ పరిగెడుతుంది. ఒకసారి కూర్చుందా, మోకాలు బిగుసుకుంటుంది, మళ్ళీ లేవదు. ఆవిడని మొదట ఆడించకపోవడమంటే అసలు ఆడించకపోవడమే. నీకు షాపులో పాత మాత్రలు పారేసే అలవాటుంది. నాకు లేదు.

మరొక సంగతి. మీ చెల్లి జట్టులో చేరిన రోజు నుంచి క్యాంటీన్లో దానికి పేరు లేదు. "కోచ్‌గారి మరదలి చెల్లెలు", అంతే. బెంచీ మీద కూర్చుంటేనే ఇలా అంటున్నారు. దొరసానిని తీసి దాన్ని దింపితే ఏమంటారో ఊహించుకో. అది కూడా లోకజ్ఞానం ఉన్న పిల్లే. హాల్లో నన్ను "కోచ్‌గారూ" అంటుంది, ఇంటికొస్తే "వదినా" అంటుంది. ఒక్కసారి కూడా తడబడలేదు. అక్కకి అబ్బని బుద్ధి చెల్లికి అబ్బింది.

మావాణ్ణి అడిగానని చెప్పు.

వదిన


మందుల షాపు, వెనక గది
బుధవారం

వదినగారికి నమస్కారాలు.

దగ్గు మందు గురించి చెప్పడానికి తప్పకుండా రండి. స్టూలు వేస్తాను. కాకపోతే మొదటి గంట బెంచీ మీద కూర్చోవాలి. కొనేవాళ్ళు అలిసిపోయాక పిలుస్తాను.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. డాక్టర్ల రాత చదివి బతికేదాన్ని, నాకు అర్థం కాని ఉత్తరం ఉండదు. దొరసాని మోకాళ్ళ మీద మీకు జాలి ఉంది, మంచిదే. క్యాంటీన్ వాళ్ళ నోళ్ళంటే భయం ఉంది, అదీ సహజమే. లీగులో మొదటి స్థానం మీద ప్రేమ ఉంది. ఇన్నిటి మధ్య మా చిన్నది ఎక్కడుందో వెతికితే, అందరికీ పనికొస్తూ ఓ మూల కనిపించింది. చుట్టం కాకపోయి ఉంటే ఈపాటికి ఆడేది. నలుగురూ ఏమనుకుంటారో అని పరాయి పిల్లకి చేసే న్యాయం కూడా మన పిల్లకి చెయ్యకపోవడం మీ వంశంలోనే ఉంది. మీ తమ్ముడు కూడా తన షాపని మొహమాటపడి తలనొప్పి మాత్ర పక్క షాపులో కొనుక్కుంటారు.

ఆదివారం చిన్నది ఇంటికొచ్చింది. "మొదటి ఐదుగురిలో ఆడాలని లేదుటే నీకు?" అని అడిగాను. "నాకు అక్కడే బావుందక్కా. కూర్చుంటే ఆటంతా కనిపిస్తుంది" అంది. చిన్నప్పటి నుంచీ దానికొక అలవాటు. అబద్ధం చెప్పేటప్పుడు గోళ్ళు చూసుకుంటుంది. పెన్సిల్ పోయిందన్నా అంతే, ఆకలి లేదన్నా అంతే. ఆదివారం పది గోళ్ళూ చూసుకుంది.

మీరు ఒక్కసారి దింపి చూడండి వదినా. ఏ బలం లేని జట్టు మీదో. మీ మొదటి స్థానానికి దిష్టి తగలదు.

మీ మరదలు


కరెంటు ఆఫీసు, బిల్లుల సెక్షన్
సోమవారం

మరదలికి ఆశీస్సులు.

తమరి ఆజ్ఞ శిరసావహించాను. శనివారం బ్యాంకు జట్టు మీద మీ చెల్లిని మొదటి ఐదుగురిలో దింపాను. బ్యాంకు జట్టంటే లీగులో అట్టడుగున ఉన్న జట్టు. బంతి ఇస్తే సంతకం అడిగేలా ఉంటారు. వాళ్ళ మీద ముప్పై పాయింట్లతో గెలవాల్సినవాళ్ళం చచ్చీ చెడీ మూడుతో గెలిచాం.

మీ చెల్లి బాగానే ఆడింది. పద్నాలుగు పాయింట్లు. అందులో దాని తప్పేమీ లేదు. తప్పెక్కడ జరిగిందో తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

దాని చోట దొరసాని నా పక్కన కూర్చుంది. అవతలివాళ్ళు వరసగా బాస్కెట్లు వేస్తున్నారు. నేను లేచి అరవాలి. ఏమని అరవాలో తెలియలేదు. మళ్ళీ కూర్చున్నాను. దొరసాని "రిఫరీ బూట్లు కొత్తవి కోచ్‌గారూ" అంది. కాసేపాగి, "హాల్లో గాలి బొత్తిగా లేదు" అంది. అప్పుడు వెలిగింది. ఈ సీజనంతా నా పక్కన కూర్చుని మీ చెల్లి గొణిగేదే, దాన్ని నేను వంటింట్లో రేడియోలా వింటూ వచ్చాను. "ఆ ఏడో నంబరు ఎడమ చెయ్యి వాడట్లేదు చూడండి." "ఆ పొడుగమ్మాయికి ఆయాసం వస్తోంది, బంతి అటు పంపితే చాలు." వింటాను, లేస్తాను, "ఏడో నంబర్ని ఎడమ వైపు నెట్టండి" అని నా సొంత తెలివిలా అరుస్తాను. జట్టు గెలుస్తుంది. ఇంటికెళ్ళి, ఆహా ఈ కోచ్ బుర్ర ఎంత పాదరసం అనుకుని నిద్రపోతాను.

కోర్టులో ఉంటే దానికి అవేమీ కనిపించవు. మధ్యలో పరిగెత్తేవాళ్ళకి ఎవరికి మాత్రం కనిపిస్తాయి? అంచేత తీర్పేమిటంటే, దాని చోటు బెంచీయే. అది దానికి అవమానం కాదు. ఆ బెంచీయే మా జట్టుకి బుర్ర.

ఫైనల్‌కి చేరాం. ఓడరేవు జట్టుతో. వచ్చే నెల రెండో శనివారం. ఇదివరకు మూడు ఫైనళ్ళు ఆడించాను, మూడూ వాళ్ళ చేతిలోనే ఓడాను. రెండో బహుమతికి వెండిరంగు పళ్ళెం ఇస్తారు. ఇంట్లో మూడున్నాయి. నాలుగోది నాకు వద్దు.

వదిన


మందుల షాపు, వెనక గది
గురువారం

వదినగారికి,

మీ తీర్పు చదివాను. మతి పోయింది.

అంటే ఆడేది మా చెల్లి. ఆలోచించేది మా చెల్లి. అవతలివాళ్ళలో ఎవరికి ఆయాసం వస్తోందో చూసేది మా చెల్లి. మరి మీరు చేస్తున్నదేమిటి వదినా, విజిల్ పట్టుకోవడమా? ఇది తెలిశాక నాకైతే సిగ్గేసి, ఆ పిల్లని పిలిచి, "అమ్మా, ఇంతకాలం నీ బుర్రతో బతికాను, నీకేం కావాలో చెప్పు" అని అడిగేదాన్ని. మీరు దాన్ని ఇంకా గట్టిగా బెంచీకి కట్టేశారు. పాలిచ్చే ఆవుని సంతకి తోలుకెళ్ళకూడదు, ఎవరైనా చూసి కొనుక్కుపోతారని.

ఫైనల్‌కి ఆ సెలెక్టర్లిద్దరూ వస్తున్నారు. పేపర్లో చదివాను. పేర్లు ఖాయం చేసేది ఆ రోజే. వాళ్ళు మొదటి క్వార్టర్ చూసి టీకి వెళ్తారు. చిన్నది వాళ్ళకి ఒక్క నిమిషం కూడా కనిపించకుండా ఇరవై ఎనిమిదిలోకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత జీవితాంతం బిల్లుల కౌంటర్లో కూర్చుని స్టాంపు వేసుకుంటుంది. మీరు కప్పు బీరువా మీద పెట్టుకుని దాన్ని చూసుకుంటారు. మీకు ఇల్లూ పిల్లలూ ఉంటే ఆ కప్పు మీద ఇంత ఆశ ఉండేది కాదేమో.

ఇంతకంటే ఏమీ రాయలేను.

మరదలు


కరెంటు ఆఫీసు
మంగళవారం

చిరంజీవి సౌభాగ్యవతి మరదలికి శుభాశీస్సులు.

నీ లేఖ అందినది. మేము క్షేమము. అక్కడ మా తమ్ముడు మరియు నీవు క్షేమమని తలంచుచున్నాను.

నిన్న సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక మీ చెల్లెలు నన్ను కలిసి, ఫైనల్లో తనను మొదట దింపవద్దని తనంతట తానుగా కోరినది. తాను బెంచీ మీద ఉంటేనే జట్టు గెలుస్తుందనీ, ఈ ఒక్క కప్పూ మీకు రావాలి వదినా అనీ అన్నది. హాల్లో నన్ను వదినా అనడం అదే మొదటిసారి. కావున ఈ విషయం ఇంతటితో ముగిసినదిగా భావించగలవు.

ఇంట్లో పిల్లలు లేనివారి ఆశల గురించి నీవు వ్రాసిన వాక్యమును చదువుకొన్నాను.

ఇట్లు,
కోచ్, కరెంటు ఆఫీసు మహిళా జట్టు


మందుల షాపు
శుక్రవారం

వదినా,

ఆ వాక్యం రాసిన చేతిని రెండు రోజులుగా తిట్టుకుంటున్నాను. మీ తమ్ముడికి చెప్తే ఆయన కూడా తిట్టారు. పెళ్ళయ్యాక మొదటిసారి. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

కానీ ఒక్కటి చెప్పండి. ఆ మాట చెప్పేటప్పుడు అది గోళ్ళు చూసుకుందా?

మీ మరదలు


బిల్లుల సెక్షన్
సోమవారం

చూసుకుంది.

వదిన


మందుల షాపు, వెనక గది
ఫైనల్ మర్నాడు, ఆదివారం

వదినా, వదినా, వదినా,

ఈ ఉత్తరం పోస్టులో చల్లారేలోగా చదవండి.

మీకు చెప్పలేదు, ఫైనల్‌కి నేను వచ్చాను. షాపు మీ తమ్ముడికి అప్పజెప్పి, తలకి స్కార్ఫు కట్టుకుని, మీ కంట పడకుండా పై వరసలో కూర్చున్నాను. మీరు ఎలాగూ చిన్నదాన్ని రెండో క్వార్టర్లోనే దింపుతారని నా లెక్క. కొండ మన మాట వినకపోతే మనమే దారి మళ్ళించాలి. వాళ్ళు టీకి వెళ్తేనే కదా దాన్ని చూడకుండా పోయేది? అంచేత టీనే తెచ్చాను. పెద్ద ఫ్లాస్కు నిండా. బిస్కెట్లు కూడా.

తీరా ఆట మొదలయ్యేసరికి చిన్నది మొదటి ఐదుగురిలో ఉంది. నా కళ్ళని నేనే నమ్మలేదు. మనసులో మీకు చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఎంత బాగా ఆడిందో. అయినా తెచ్చిన టీ ఎందుకు పారబోయడమని, గంట మోగుతుండగానే కిందికి వెళ్ళి, "మీరు కూర్చోండి సార్, ఇక్కడికే తెప్పించాం" అని పోశాను. నేను నిర్వాహకుల మనిషిననుకున్నారు. వాళ్ళలో లావుపాటాయన, "ఇరవై ఏళ్ళలో ఇదే మొదటి మర్యాదమ్మా" అని మూడు కప్పులు తాగాడు. ఆఖరి గంట దాకా కదల్లేదు. ఆటంతా చూశారు వదినా, ఆటంతా. చిన్నది బాస్కెట్ వేసినప్పుడల్లా లావుపాటాయన పక్కాయన్ని మోచేత్తో పొడిచాడు. పది కళ్ళతో చూశాను.

కానీ చివరికి ఒక్క బాస్కెట్ తేడాతో ఓడిపోయారు. మీకు మొహం చూపించలేక వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాను. మీ పంతం వదులుకుని దాన్ని మొదట దింపారు. నేను రాసిన ఆ పాడు వాక్యం తర్వాత కూడా. మీ కాళ్ళకి మొక్కాలి.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. దొరసాని మోకాళ్ళకి గుడ్డలు చుట్టుకుని బెంచీ వెనకాల ఆటంతా అటూ ఇటూ ఎందుకు నడిచింది? ఆవిడకేమైనా ఒంట్లో బాలేదా? మందు పంపనా?

మీ మరదలు


కరెంటు ఆఫీసు, బిల్లుల సెక్షన్
గురువారం

మరదలికి ఆశీస్సులు.

ఫ్లాస్కు నువ్వన్నమాట.

దొరసానికి మందేమీ వద్దు. ఆవిడ ఎందుకు నడిచిందో చెప్తాను, కుర్చీలో కూర్చుని చదువు.

నేను బిల్లుల సెక్షన్లో ఉన్నా బుర్రలేనిదాన్నేం కాదు. సెలెక్టర్లు మొదటి క్వార్టర్ చూసి టీకి పోతారు. కాబట్టి మొదటి క్వార్టర్ చిన్నది ఆడాలి, వాళ్ళు చూడాలి, రాసుకోవాలి, పోవాలి. వాళ్ళ వీపు కనిపించగానే చిన్నది బెంచీ మీదికి వచ్చి నా పక్కన కూర్చోవాలి, గొణగాలి. దొరసాని దిగాలి. అందాకా మోకాళ్ళు బిగుసుకోకుండా ఆవిడ నడుస్తూ ఉండాలి. దొరసానిని పిలిచి ఈ మాట చెప్పడానికి నేను వారం రోజులు భయపడ్డాను. ఆవిడ అంతా విని, "అది మొన్న నన్నూ అడిగింది కోచ్‌గారూ, తనని మొదట దింపొద్దని మీతో చెప్పమని. ఆ అడిగిన తీరులోనే తెలిసింది, దానికి ఆడాలనుంది. నడవమంటే నడుస్తాను, నాకేం" అంది. చిన్నదానికి మాత్రం చెప్పలేదు. చెప్తే ఒప్పుకోదు. కప్పూ వస్తుంది, పిల్లా పెద్ద జట్టుకి వెళ్తుంది. రెండు పిట్టలూ దక్కుతాయి. ఈ పథకం వేసింది ఎవరి గొణుగుడూ లేకుండా నేనొక్కదాన్నే. కాస్త గర్వపడ్డాను కూడా.

గంట మోగింది. నేను కోర్టు వైపు చూడలేదు, గ్యాలరీ వైపు చూశాను. వాళ్ళు లేవలేదు. స్కార్ఫు కట్టుకున్న ఆవిడెవరో వంగి వంగి టీ పోస్తోంది. ఈ నిర్వాహకులకి ఇంత మర్యాద ఎప్పుడు అబ్బిందా అని విస్తుపోయాను. నాలుగిళ్ళ అవతల నుంచి చూసినా ఆ వంగడం నీదే అని పోల్చాల్సింది. ఆ కంగారులో తోచలేదు.

ఇప్పుడు చెప్పు మరదలా. వాళ్ళ కళ్ళ ముందు చిన్నదాన్ని తీసేస్తే ఏమనుకుంటారు? ఫైనల్లో పది నిమిషాలకే కోచ్‌కి నమ్మకం పోయింది, ఇక మనకెందుకని పేరు కొట్టేస్తారు. తియ్యకపోతే నా పక్కన కుర్చీ ఖాళీ. రెండో క్వార్టర్ మొదట్లో దొరసాని కోర్టు గీత దగ్గరకొచ్చి, "దిగనా?" అని నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ మళ్ళీ నడక మొదలుపెట్టింది. మూడో క్వార్టర్లోనూ అంతే. నాలుగోదాంట్లో కూడా అంతే. పాపం, ఆటంతా ఆడినా ఆవిడ అంత దూరం నడిచి ఉండదు. ఓడరేవు వాళ్ళు ఏదో ఒకటే ఎత్తు మళ్ళీ మళ్ళీ వేస్తున్నారని తెలుస్తోంది. ఆ ఎత్తేమిటో తెలియలేదు. లేచి నిలబడి "జాగ్రత్త" అని అరిచాను. జాగ్రత్త అని అరవడానికి కోచ్ ఎందుకు, దారిన పోయే దానయ్య చాలడూ.

ఒక్క బాస్కెట్ తేడా. నాలుగో పళ్ళెం. చుట్టాలొస్తే ఇక ఇబ్బంది లేదు.

పేపర్ చూశావా? "చక్కగా గెలుస్తూ వచ్చిన వరసని ఫైనల్లో మార్చడం కోచ్ చేసిన అర్థంలేని పని" అని రాశారు. క్యాంటీన్లో అయితే, మరదలి చెల్లెలి కోసం కప్పు పోగొట్టిందన్నారు. ఇంతకాలం వాళ్ళన్న మాటల్లో ఇదొక్కటే నిజం, అందుకే దెబ్బలాడలేకపోయాను.

టీ ఎలా పెట్టావు? మూడు కప్పులు తాగాడంటున్నావు.

వదిన


మందుల షాపు, వెనక గది
సోమవారం

వదినా,

మీ ఉత్తరం చదివి కౌంటర్ వెనక కింద కూలబడ్డాను. దగ్గు మందుకని వచ్చినావిడ నాకే నీళ్ళు తాగించింది.

మీరొక మంచి పని చాటుగా చేశారు. నేనొక మంచి పని చాటుగా చేశాను. రెండూ కలిసి మీ కప్పు ముంచాయి. ఒక్క ముక్క ముందు చెప్పుకుని ఉంటే నేను ఇంట్లో కూర్చుని ఉందును, వాళ్ళు టీకి పోయి ఉందురు, మీరు గెలిచి ఉందురు. మీ తమ్ముణ్ణి తిట్టాను. ఫోన్ చేసుకోనిచ్చి ఉంటే ఇదంతా జరిగేదా? ఆయన "నేనేం చేశానే" అంటూ గోడౌన్‌లోకి పోయారు.

మీరు తల అడ్డంగా ఊపడం నేను పై నుంచి చూశాను వదినా. మూడుసార్లూ చూశాను. దొరసాని మీద కోపమేమో అనుకున్నాను. నాకంటే గుడ్డిది ఇంకెవరూ ఉండరు.

పేర్లు వచ్చాయా? అడగాలంటే భయంగా ఉంది. ఇంత చేసి అది కూడా రాకపోతే నేను ఇక ఎవరికీ టీ పొయ్యను.

మీ మరదలు


కరెంటు ఆఫీసు, బిల్లుల సెక్షన్
శనివారం మధ్యాహ్నం

మరదలికి ఆశీస్సులు.

పేర్లు వచ్చాయి. నీ చెల్లి పేరుంది. లావుపాటాయన టీ రుణం ఉంచుకోలేదు. అలా అనకూడదు, ఆ పిల్ల ఆటంతా ఆడిన తీరుకి వాళ్ళు ఉప్పు నీళ్ళు పోసినా ఎంపిక చేసేవాళ్ళు. ఎల్లుండి కాదు, పై సోమవారం ప్రయాణం. నీ దగ్గరికి వచ్చి వెళ్తుంది, దానికి ఇష్టమైనవన్నీ వండి పెట్టు.

ఆఫీసులో సెలవు కాగితం మీద నా సంతకం, స్టాంపు కావాలి. అందుకని పొద్దున్న నా కౌంటర్‌కి వచ్చింది. వరసలో అందరితోపాటు నిలబడి వచ్చింది, మన పిల్ల కదా, ముందుకి దూరదు. నీ ఫ్లాస్కు సంగతి చెప్పాను. నవ్వి నవ్వి ఊపిరాడక కౌంటర్ చెక్క పట్టుకుంది. తర్వాత నవ్వు ఆగింది. కాగితం నా ముందు పెట్టి, "రెండో క్వార్టర్ మొదట్లోనే నన్ను తీసెయ్యాల్సింది వదినా" అంది. "వాళ్ళ పొట్టమ్మాయి బంతిని ప్రతిసారీ వెనక్కే ఇస్తోంది. బెంచీ మీద ఉంటే రెండు నిమిషాల్లో పట్టేసేదాన్ని. గెలిచేవాళ్ళం."

"తెలుసు" అన్నాను.

"తెలిసి ఎందుకు తియ్యలేదు?"

"చెప్పడానికి పక్కన నువ్వు లేవుగా" అన్నాను.

అక్కడే నిలబడి ఏడ్చేసింది. వెనక వరసలో ఒకాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన బిల్లు చూసుకుని అయ్యుంటుంది. నేను మాత్రం ఏమీ జరగనట్టు స్టాంపు వేస్తూ కూర్చున్నాను. కాసేపటికి అది కళ్ళు తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని ఆపి, "చాలు వదినా, ఇక కాగితంలో చోటు లేదు" అంది.

వదిన